ముగ్గుపిండితో గీసిన యంత్రం

వ్యాయామ విద్యాశాఖలో కొత్తగా చేరినవారు, ఇంట్లోనే చిన్న వ్యాయామశాల పెట్టుకోవాలని ఉబలాటపడేవారు నా దగ్గరకు వచ్చి ఒకే రకం ప్రశ్న వేస్తుంటారు: ఫలానా పరికరం కొనవచ్చునా, కూడదా? ఔననిగాని కాదనిగాని వెంటనే చెప్పే అలవాటు నాకు లేదు. దాన్ని ఎవరు వాడతారు, వారి తరువాత ఎవరు వాడతారు, వర్షాకాలంలో అది ఎక్కడ నిలబడుతుంది అని ఎదురు ప్రశ్నిస్తాను. చాలామంది రెండవ ప్రశ్న దగ్గరే సెలవు తీసుకుంటారు. సెలవు తీసుకోనివారికి చెప్పే సంగతి ఇది.

నేను అమలాపురంలో ఒక కళాశాలలో వ్యాయామ అధ్యాపకుడిగా, పిల్లల మాటలో పీడీగా, పనిచేసి పదవీ విరమణ చేశాను. నేను చేరక ముందే అక్కడికి ఒక బ్రహ్మాండమైన వ్యాయామ యంత్రం వచ్చి ఉంది. నలుగురు నాలుగు వైపుల నుంచి ఒకేసారి వాడగలిగేటట్లు తయారైనది. నేను చూసేనాటికి నాలుగు వైపులా విద్యార్థుల తడి లాగులు ఆరుతున్నాయి. ఉప్పుగాలికి గొలుసు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. దాన్ని తెప్పించినవారు తెలివి తక్కువవారేమీ కారు. అది ఏమేమి చేయగలదో ఆలోచించారు, దాని చుట్టూ మనుషులు ఏం చేస్తారో ఆలోచించలేదు, అంతే. ఆ లాగుల్ని చూసిన తరువాత నాకు కొనుగోళ్ళంటే భయం కాదు, కుతూహలం పుట్టింది.

నా సర్వీసు చివరి సంవత్సరంలో ఆ కుతూహలానికి మంచి మేత దొరికింది. మా భౌతికశాస్త్ర అధ్యాపకుడు ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్ రూములో నా పక్కన కూర్చుని, ఫోనులో ఒక యంత్రం బొమ్మ చూపించాడు. ఇనుప వేదిక, దాని నడుమ సందు, ఆ సందులోంచి కిందికి ఒక మీట. మనిషి వేదిక మీద నిలబడి, నడుముకు వెడల్పాటి బెల్టు కట్టుకుని, బెల్టును ఆ మీటకు తగిలించి కూర్చుని లేవాలి. నా తరంవారు బస్కీలు అని నేర్పినదాన్నే ఇప్పుడు స్క్వాట్ అంటున్నారు. ఇది బస్కీలకు ప్రత్యేకంగా చేసిన యంత్రం.

"దీంట్లో బరువు వెన్ను మీద పడదండీ మేష్టారూ. నడుం నుంచి తిన్నగా కాళ్ళకి దిగిపోద్ది. వెన్ను ఊరికే చూస్తా ఉంటుందండీ" అన్నాడు.

ఆయనకు ఆ వెన్నుతోనే పేచీ. అంతకు రెండేళ్ళ ముందు ఆయనకు నడుములో డిస్కు జారి కొంతకాలం మంచం మీద ఉన్నాడు. తగ్గింది. కాళ్ళు బలహీనపడ్డాయి, బలం తెచ్చుకోండి, వెన్ను మీదికి ఒక్కసారిగా బరువు రానివ్వకండి అని వైద్యుడు చెప్పాడు. మామూలు మనిషైతే సాయంత్రం నడకతో సరిపెట్టుకునేవాడు. ఆయన స్వగ్రామం కొత్తపేట దగ్గర. ఆ ఊరికి ప్రభ ఉంది.

ఇతర ప్రాంతాలవారి కోసం ఒక్క మాట. ప్రభ అంటే వెదురుతో కట్టి, రంగురంగుల బట్టలతో, గంటలతో అలంకరించి, నడుమ ఈశ్వరుణ్ణి నిలిపే ఎత్తైన చట్రం. కనుమనాడు దాన్ని దూలాల మీద ఎత్తి, వరిచేల మీదుగా, కాలువలో దిగి, మనుషులే భుజాన మోసుకుపోతారు. దూలం కింద ఎవరి చోటు వారిది. ఎడమ దూలం ముందరి చోటు మా మిత్రుడి తండ్రిది, ఆయన తరువాత ఈయనది. నడుము నొప్పి వచ్చిన తరువాత అక్కడ వరసకు మేనమామ కొడుకయ్యే దూరపు బంధువొకడు నిలబడుతున్నాడు. ఈ కనుమకు కూడా ఈయన నిలబడకపోతే ఆ చోటు శాశ్వతంగా అతడిదే అవుతుందని మోత పెద్ద కబురు చేశాడు. ఆ మోత పెద్ద ఎవరో కాదు, ఈయన పెదనాన్నగారి కొడుకు. మోయడం మానుకుని, ముందు నిలబడి పిలుపు ఇచ్చే పెద్దరికం తీసుకున్నవాడు.

కాబట్టి మా మిత్రుడికి ఆ యంత్రం సరదా వస్తువు కాదు. తండ్రి నిలబడిన చోట తాను నిలబడగలడా లేదా అన్నది ఆ ఇనుప వేదిక మీద ఆధారపడి ఉందని ఆయన నమ్మాడు. "కొనెయ్యమంటారా?" అని అడిగాడు. ముందు మీ ఇల్లు చూడాలన్నాను.

ఇంటి వెనుక, కొబ్బరికాయలు వేసుకునే గది ఒకటి ఖాళీగా ఉంది. యంత్రం కొలతలు కాగితం మీద చదివితే చిన్నవిగానే కనబడతాయి. ఆయన భార్యను పిలిచి ముగ్గుపిండి తెమ్మన్నాను. ఆవిడ ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయురాలు. పిండి డబ్బా తెచ్చి, నేను చెప్పిన కొలతల ప్రకారం గది నేల మీద దీర్ఘచతురస్రం గీసింది. లెక్కల మనిషి కావడంవల్ల మూలలు సరిగ్గా కుదిరాయి. యంత్రం పక్కన మనిషి నిలబడే జాగా, బరువు పళ్ళేలు ఎక్కించే జాగా కూడా గీయించాను. గదిలో మిగిలింది గోడ వారన సన్నటి దారి.

"ఈ కనుమ దాకా ఈ గీతల్లో యంత్రం ఉందనుకుని మసలుకోండి. ఎవరూ తొక్కకూడదు" అన్నాను.

"మిషను రాకముందే దాని చుట్టూ ప్రదక్షిణం చెయ్యమంటారా అన్నయ్యగారండీ?" అని ఆవిడ అడిగింది.

"ఆయ్. వచ్చాక ఎలాగూ తప్పదమ్మా."

ఆవిడకు ఈ పరీక్ష నచ్చింది. గీత చెరిగినప్పుడల్లా మళ్ళీ దిద్దేది. తరువాతి వారం వెళ్ళేసరికి ఆ గీతల్లో తడి బట్టల స్టాండు ఒకటి నిలబడి ఉంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు. కళాశాలలో లాగులు గుర్తుకు వచ్చాయి.

అయితే స్థలం సంగతి ఒక్కటే చూసి యంత్రాన్ని కాదనడం న్యాయం కాదు. దాన్ని వాడి చూడాలి. రాజమండ్రిలో ఒక పెద్ద వ్యాయామశాలలో అటువంటిదే ఉందని తెలిసి ఒక ఆదివారం ఇద్దరం వెళ్ళాం. అక్కడి శిక్షకుడు మర్యాదస్థుడు. బెల్టు యంత్రం మీద మా మిత్రుణ్ణి నిలబెట్టి బరువు కొద్దికొద్దిగా పెంచాడు. డిస్కు జారిన తరువాత బరువంటేనే బిగుసుకుపోయే మనిషి, నడుముకు ఏమీ కాకపోవడం చూసి మొదట అనుమానపడ్డాడు, తరువాత నవ్వాడు. ఇంకాస్త వేయండి అన్నాడు. ఆ ముఖం చూస్తే ఆ క్షణాన నేను కూడా కొనెయ్యండి అనేవాణ్ణి.

ఊరుకోలేక నేనూ ఎక్కాను. కాళ్ళు పనిచేస్తున్నాయి, పైభాగం నిశ్చింతగా ఉంది. కొంచెం అలవాటైతే బాగుంటుందనిపించింది. పక్కనే ఇంకొక వింత కడ్డీ ఉంది. మెడ దగ్గర మెత్తలు, ముందుకు రెండు పిడులు. మామూలు కడ్డీ భుజాల మీద పెట్టుకుంటే చేతులు వెనక్కి విరిచి పట్టుకోవాలి. దీన్నైతే చేతులు ఛాతీ ముందు పెట్టుకుని పట్టుకోవచ్చు. భుజం పట్టేసినవారి కోసం దీన్ని చేశారని శిక్షకుడు చెప్పాడు. దాన్ని పెట్టుకుని కూర్చుంటే అది మనిషిని ముందుకు వంచాలని చూస్తుంది, వంగకుండా ఉండడానికి వీపు పనిచేయవలసి వస్తుంది. నాకు తెలియని విషయం. ఆ వయసులో కొత్త విషయం తెలియడం నాకు బాగా నచ్చింది.

తిరుగుదారిలో నాకు ఒక ఆలోచన స్పష్టపడింది. ఈ ప్రత్యేక పరికరాలలో ప్రతి ఒక్కటీ ఒకానొక శరీరం వేసిన ప్రశ్నకు సమాధానం. భుజం పట్టేయనివాడికి పిడుల కడ్డీ సమాధానం కాదు. మరి మా మిత్రుడి ప్రశ్న ఏమిటి? అదే ఆయనను అడిగాను. "యంత్రం వెన్ను మీద బరువు వేయదన్నారు. మంచిది. ప్రభ మాత్రం భుజం మీదనే కదండీ కూర్చునేది?"

ముందు కాళ్ళు, తరువాత భుజం అన్నాడు. కాళ్ళు లేనిదే భుజం ఏమి చేస్తుందని అడిగాడు. అది కాదనలేని మాట. అందుకే ఆయన ప్రతి ఆదివారం రాజమండ్రి వెళ్ళి ఆ యంత్రం మీద సాధన చేస్తానంటే సంతోషంగా సమ్మతించాను. కొనుగోలు మాత్రం వాయిదా వేయించాను. కాళ్ళకు నిజంగానే బలం వచ్చింది. మేడ మెట్లు ఎక్కేటప్పుడు ఆయన నన్ను దాటిపోవడం మొదలుపెట్టాడు.

ఆ ఊళ్ళో ప్రభకు బట్టలు కట్టక ముందు, చట్రం గట్టిదనం చూడడానికి ఒకసారి దూలాల మీద ఎత్తి దించుతారు. ఆ రోజున మా మిత్రుడు తన చోట నిలబడతానన్నాడు. నన్ను కూడా రమ్మన్నాడు. చేల గట్టున అందరూ చేరారు. ఆయన భుజం మీద తువ్వాలు మడత పెట్టుకుని ఎడమ దూలం ముందర గొంతుక్కూర్చున్నాడు. అంతకాలం అక్కడ నిలబడిన బంధువు పక్కకు జరిగి చూస్తున్నాడు. పెదనాన్నగారి కొడుకు ముందు నిలబడి "శరభా" అని సాగదీసి పిలిచాడు. అందరూ "అశ్శరభ" అని బదులు పలుకుతూ, ఆ పలుకు ముగిసే చోట లేవాలి.

మా మిత్రుడు పిలుపు ముగియగానే లేచాడు. బదులు కోసం ఆగలేదు.

తేడా రెప్పపాటు. కాని ఆ రెప్పపాటులో దూలం ముందరి భాగమంతా ఆయన ఒక్కడి భుజం మీద ఉంది. ముఖం తెల్లబడింది. మిగిలినవారు లేచి బరువు పంచుకున్నారు గాని, చట్రం ఒక పక్కకు ఒరిగి గంటలు కట్టే వెదురు ఒకటి చిట్లింది. దించేశారు. నడుముకు ఏమీ కాలేదు. మనిషికి మాత్రం గట్టి దెబ్బే తగిలింది.

పెదనాన్నగారి కొడుకు వచ్చి చిట్లిన వెదురును చూశాడు, ఆయనను చూశాడు. "ఒరే తమ్ముడూ, ఇది నీ క్లాసు కాదురా, నువ్వొక్కడివీ లేచి నిలబడి పాఠం చెప్పడానికి. అందరం లేత్తాం. అప్పుడు లెగాలి" అన్నాడు. చుట్టూ ఉన్నవారు నవ్వారు. మోత పెద్ద మాత్రం నవ్వలేదు. "కనుమ తీర్థం నాటికి కలిసి లెగడం వత్తే రా. రాకపోతే మీ మావయ్యగారబ్బాయి నిలబడతాడు. ఆ తరవాత నేను మార్చను" అని వెళ్ళిపోయాడు.

కాలువ గట్టు మీద మా మిత్రుడు మోటారు సైకిలు తోలాడు, నేను వెనక కూర్చున్నాను. అమలాపురం దగ్గరపడుతుండగా బండి ఆపి, గట్టున దిగి, పుల్లతో మట్టిలో గీత గీశాడు. గీత కింద నాలుగు చుక్కలు. ఒక చుక్కను కొంచెం పైకి జరిపాడు.

"గట్టి దూలం కింద నలుగురు ఉంటే, ఎవడి భుజం ముందు లేస్తే వాడిమీదే అంతా పడుద్దండీ మేష్టారూ. బలం ఉన్నవాడు వేగంగా లేస్తాడు. వేగంగా లేచినవాడు ఎక్కువ మోస్తాడు. నేను ఆదివారం ఆదివారం వెళ్ళి నేర్చుకున్నది అదండీ, ఒక్కణ్ణే వేగంగా లేవడం."

ఆయన చెప్పినది సరియైన లెక్క. యంత్రం మీద మనిషి ఒంటరి. తనకు సిద్ధమనిపించినప్పుడు లేస్తాడు. అది యంత్రం తప్పు కాదు, దాని పని అంతవరకే. కాళ్ళకు బలం కావాలన్నది ఆయన శరీరం వేసిన మొదటి ప్రశ్న, దానికి సమాధానం దొరికింది. రెండవ ప్రశ్న నలుగురితో కలిసి లేవడం ఎలా అన్నది. అది అమ్మకానికి లేదు. కాని అది నా వృత్తి. వరుసలో నిలబెట్టిన పిల్లలందరి చేతులూ ఒక్కసారి లేచేటట్లు చేయడం కోసమే నేను జీవితమంతా జీతం తీసుకున్నాను. సామూహిక డ్రిల్లు కాలం చెల్లిన విద్య అని నా చాటున నవ్వుకునేవారు ఉండేవారు. నాకు తెలుసు.

మరుసటి వారం ఒక పొడవాటి వెదురు బొంగు తెప్పించి, దానికి కొబ్బరికాయల గోతాలు వేలాడగట్టించాను. ప్రతి ఉదయం కళాశాల తెరవకముందు మైదానంలో మా మిత్రుడు, వృక్షశాస్త్ర అధ్యాపకుడు, కార్యాలయ గుమాస్తా, ఇద్దరు అటెండర్లు ఆ బొంగును భుజాన పెట్టుకుని కూర్చునేవారు. మొదట విజిల్ మీద లేపాను. అది కుదరలేదు. విజిల్ ఠక్కున మొదలై ఠక్కున ఆగుతుంది. పిలుపుకు సాగుదల ఉంటుంది, ఆ సాగుదలలోనే అందరి ఊపిరీ కలుస్తుంది. విధిలేక నేనే మైదానం నడుమ నిలబడి "శరభా" అని పిలవవలసి వచ్చింది. ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి చూసి, ఇది ఏ పథకం కింద జరుగుతున్నదని మనిషి చేత అడిగించారు. విద్యార్థులు మాత్రం సంగతి వెంటనే తేల్చేశారు.

"మేష్టార్లందరికీ పీడీ గారు గుంజీళ్ళు పనిష్మెంటు ఇచ్చేర్రా" అని ఒకడు అనడం నాకు వినబడింది. క్రమశిక్షణ దృష్ట్యా వినబడనట్లు ఉండిపోయాను.

మొదటి రోజుల్లో మా మిత్రుడు ముందే లేచేవాడు. బరువంతా తన మీదికి రాగానే ఆయనకే తెలిసిపోయేది, మళ్ళీ కూర్చునేవాడు. వృక్షశాస్త్రం ఆయన ఆలస్యంగా లేచి హాయిగా ఉండేవాడు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టాను. క్రమేణా మా మిత్రుడు నా వైపు చూడడం మానేసి పక్కవాడి ఊపిరి వినడం మొదలుపెట్టాడు. అది నేను చెప్పినది కాదు, ఆయనే కనిపెట్టాడు. ఒక రోజున బొంగు నీటి మీద కర్రలా తిన్నగా లేచింది. మర్నాడు ఇంకొక గోతాం కట్టించాను.

ఆ సాయంత్రం ఆయన అసలు ప్రశ్నకు తిరిగి వచ్చాడు. "అయితే ఆ మెషిన్ దండగంటారా?"

"దండగ అనలేదు. మీకు నేర్పవలసింది అది నేర్పేసింది. దానికోసం దాన్ని ఇంటికి తెచ్చుకోవలసిన పని లేదు. బెల్టు, గొలుసు కొనుక్కోండి. రెండు సిమెంటు దిమ్మల మీద చెరొక పాదం పెట్టి, నడుమ బరువు వేలాడగట్టుకోండి. వచ్చిన బలం పోకుండా అది సరిపోతుంది. ముందూ వెనుకా చూడకుండా కాళ్ళు మాత్రమే పెంచవలసినవాడికైతే ఆ యంత్రం మంచిదే. మీరు ఆ మనిషి కారు."

బెల్టు కొన్నాడు. దిమ్మలు ముగ్గు గీతల్లో ఒక మూలకు సరిపోయాయి. మిగతా జాగా అంతా బట్టల స్టాండుకు దక్కింది.

కనుమనాడు నేను చేల గట్టు మీద జనంలో నిలబడ్డాను. కాలువ దాకా మోయండి, నీళ్ళలోకి దిగవద్దు, అక్కడ కాలు జారితే వెన్ను ఊరుకోదు అని వైద్యుడు ముందే షరతు పెట్టాడు. ఆ సంగతి మోత పెద్దకు కూడా చెప్పి ఉంచాం. అతడు ఊ అనలేదు, ఊహూ అనలేదు. డప్పులు, గంటలు, జనం. నాకు ప్రభ అలంకరణ ఎలా ఉందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నేను చూసినది ఒక్కటే, ఎడమ దూలం మీది భుజాల వరుస. కవాతు తనిఖీ చేసేవాడి కన్ను అటువంటిది. "శరభా" అన్న పిలుపు సాగింది. "అశ్శరభ" అన్న బదులులో మా మిత్రుడి గొంతు కూడా కలిసింది. దూలం లేచింది. మొదటి భుజం నుంచి చివరి భుజం దాకా ఒకటే గీత.

కాలువ ఒడ్డున ఆయన చేయెత్తాడు. వెనుకనున్న బంధువు భుజం అందించాడు. ఆయన పక్కకు తప్పుకుని గట్టు మీద నిలబడ్డాడు. ప్రభ నీళ్ళలోకి దిగుతుండగా పెదనాన్నగారి కొడుకు ఆయనను దాటిపోతూ, ఆగకుండానే అన్నాడు:

"వచ్చే ఏడూ ఇక్కడే భుజం దించు."

మా మిత్రుడు తువ్వాలు భుజం మీద అలాగే ఉంచుకుని, ప్రభ అవతలి గట్టు ఎక్కేదాకా నిలబడ్డాడు.

పండుగ వెళ్ళిన తరువాత ఒక ఉదయం వారింటికి వెళ్ళాను. మా మిత్రుడు ఇంకా స్నానం చేస్తున్నాడు. వెనుక గది తలుపు తెరిచి ఉంది. లోపల, బట్టల స్టాండు పక్కకు జరిపి, ముగ్గు గీతల నడుమ ఆ పెదనాన్నగారి కొడుకు నిలబడి ఉన్నాడు. నడుము మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా కూర్చోబోయి, సగంలో ఆగి, గోడ పట్టుకుని లేచాడు. నన్ను చూసి సర్దుకున్నాడు.

"ఊరికేనండీ. తమ్ముడు కొంటానన్న మిషను ఇంత జాగా పట్టుద్దా అని చూత్తన్నాను" అన్నాడు. గొంతు తగ్గించి, ఆ యంత్రంలో వెన్ను మీద బరువు పడదట నిజమేనా, మోకాలు నొప్పి ఉన్నవాడు కూడా మెల్లగా మొదలుపెట్టవచ్చునా, రాజమండ్రి వెళితే ఎవరైనా చూపిస్తారా అని వరుసగా అడిగాడు. మంచి ప్రశ్నలు. వాటిలో ఒకదానికి నాకు జవాబు తెలియదు.

అతడు మోయడం మాని పిలుపు ఇవ్వడం ఎందుకు మొదలుపెట్టాడో నేను ఎన్నడూ ఆలోచించలేదు. పెద్దరికం అనుకున్నాను.

"మోకాళ్ళా?" అన్నాను.

"ఆయ్" అన్నాడు, తలుపు వైపు చూస్తూ.

వంటింటి వైపు తిరిగి అడిగాను: "అమ్మా, ముగ్గుపిండి ఇంకా మిగిలి ఉందా?"